సికింద్రాబాద్‌లో స్థిరపడ్డ ఐరిష్ సైనికుడి సొంత పారిష్ ఏదో కనుక్కోవడం ఎలా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: అమ్మమ్మగారి ముత్తాత ఐర్లండ్ నుంచి సైన్యంలో వచ్చినవాడు, పేరు జాన్ రయన్. 1863లో సికింద్రాబాద్ క్యాథలిక్ గుడిలో పెళ్ళి జరిగింది. సమాధి రాయి మీద టిప్పరరీ కౌంటీవాడని (కౌంటీ అంటే అక్కడి జిల్లా) ఉంది, ఊరు లేదు. ఐరిష్ వెబ్‌సైట్లలో ఆ పేరు కొడితే వందల మంది వస్తున్నారు, అందులో మీవాడెవరో తేలడం లేదు.

ఐరిష్ వెబ్‌సైట్లను కొన్నాళ్ళు పక్కన పెట్టండి. టిప్పరరీలో అన్నిటికంటే ఎక్కువగా కనిపించే ఇంటిపేరే రయన్. ఆ కౌంటీలో ఏ పారిష్ (ఒక గుడి కిందికి వచ్చే ఊళ్ళ పరిధి) పుస్తకం తెరిచినా ఒక జాన్ రయన్ ఉంటాడు, తండ్రి పేరు ఏ మైకేలో ప్యాట్రికో అయ్యుంటుంది. వయసు దగ్గరగా ఉన్న మొదటివాణ్ణి తెచ్చి వంశవృక్షంలో పెట్టుకుంటే, అక్కడి నుంచి పైకి ఎన్ని తరాలు ఎక్కినా వాళ్ళు ఇంకెవరి పూర్వీకులో. ఆన్‌లైన్‌లో ఒకరిని చూసి ఒకరు ఎక్కించుకున్న ఇలాంటి వృక్షాలు కోకొల్లలు.

మీకు కావలసిన పారిష్ పేరు ముందుగా దొరికేది సైన్యం కాగితాల్లో. ఐర్లండ్ రికార్డులు దాన్ని సరిచూసుకోవడానికి పనికొస్తాయి, మొదటిసారి కనిపెట్టడానికి కాదు. ఈ విషయంలో అమెరికాకు వలసపోయినవాళ్ళ వారసులకంటే మీ పని నయం. 19వ శతాబ్దం మధ్యలో న్యూయార్క్‌లో దిగిన ఓడల జాబితాల్లో చాలావరకు 'ఐర్లండ్' అని మాత్రమే ఉంటుంది. 1906కు ముందు అక్కడి పౌరసత్వ కాగితాలూ ఎక్కువగా అంతే. సైన్యంలో చేరేవాణ్ణి మాత్రం ఏ పారిష్‌లో పుట్టావు, దగ్గరి పట్నమేది, ఏ కౌంటీ అని అడిగి రాసుకునేవాళ్ళు. పారిపోతే పట్టుకోవాలి కదా.

అయితే ఆ కాగితం ఏ భోషాణంలో ఉందో తెలియాలంటే, ఆయన ఈస్టిండియా కంపెనీ సైనికుడా, బ్రిటిష్ రాణిగారి సైన్యంవాడా అన్నది తేలాలి. మొత్తం వ్యవహారం దీనిమీదే తిరుగుతుంది. కంపెనీవాళ్ళ రికార్డులు లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీలోని ఇండియా ఆఫీస్ విభాగంలో ఉన్నాయి. రాణిగారి సైన్యంవి అదే లండన్‌లో, క్యూ అనే పేటలోని నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. ఒకచోట లేకపోతే రెండోచోట చూడకుండానే 'రికార్డు పోయింది' అని చేతులెత్తేసేవాళ్ళు చాలామంది.

మీ విషయంలో 1863 అన్న సంవత్సరమే ఒక చిక్కు. 1858లో కంపెనీ పాలన పోయింది. దాని యూరోపియన్ పల్టన్లు 1861 ప్రాంతంలో రాణి సైన్యంలో కలిశాయి. ఫస్ట్ మద్రాస్ ఫ్యుజిలియర్స్ 102వ రెజిమెంట్ అయింది, 1881లో రాయల్ డబ్లిన్ ఫ్యుజిలియర్స్‌లో మొదటి బెటాలియన్ అయింది. మద్రాస్ సైన్యంలోని రెండో యూరోపియన్ రెజిమెంట్ 105వది, మూడోది 108వది అయ్యాయి. అందువల్ల 1863 నాటి పెళ్ళి పుస్తకంలో 'హర్ మెజెస్టీస్ 102వ' అని ఉన్నంత మాత్రాన ఆయన మొదటినుంచీ రాణి సైనికుడని అనుకోకూడదు. 101 నుంచి 109 వరకు ఏ నంబరున్నా అది పాత కంపెనీ రెజిమెంటే. ఆయన 1861కు ముందు చేరినవాడైతే చేరినప్పటి కాగితం కంపెనీ దస్తాల్లో, పెన్షన్ మీద దిగినప్పటి కాగితం రాణి దస్తాల్లో ఉండొచ్చు. రెండూ దొరికితే పండగే, ఎందుకంటే ఊరిపేరు రెండు వేర్వేరు గుమాస్తాల చేతిరాతలో చూసుకోవచ్చు. మద్రాస్ ఆర్టిలరీవాళ్ళు రాయల్ ఆర్టిలరీలో కలిశారన్నది కూడా గుర్తుంచుకోండి. ఫిరంగి దళంవాణ్ణి పదాతి జాబితాల్లో వెతికితే ఎన్నేళ్ళయినా దొరకడు.

రెజిమెంట్ తెలుసుకోవడానికి పెళ్ళి ఎంట్రీ పూర్తి వరస కావాలి. చర్చి ఇచ్చే సర్టిఫికెట్ ఇందుకు సరిపోదు. సర్టిఫికెట్ అచ్చు ఫారంలో పేర్లు, తేదీ, సాక్షులు ఉంటాయి. అసలు పుస్తకంలో ఉన్న హోదా, దళం, వయసు, తండ్రి పేరు అందులోకి ఎక్కకపోవచ్చు. కాబట్టి సర్టిఫికెట్ అడక్కండి, ఆ పేజీలో ఆ వరస ఫోటో అడగండి. విచారణ (క్యాథలిక్ పారిష్) గురువుకు ఉత్తరం రాసేటప్పుడు వరుడి పేరు, వధువు పేరు, సంవత్సరం, ఒక ఏడాది అటూ ఇటూ చూడమన్న మనవి, మీకూ ఆయనకూ ఉన్న బంధుత్వం, ఇవన్నీ ఒకే పేజీలో ఇమడాలి. 'మా వంశం వివరాలన్నీ కావాలి' అని రాస్తే జవాబు రాదు, అందులో వాళ్ళ తప్పూ లేదు. పుస్తకం లాటిన్‌లో ఉంటే జాన్ 'జొవాన్నెస్' అయి ఉంటాడు. సికింద్రాబాద్ సెయింట్ మేరీస్ గుడిని 19వ శతాబ్దం మధ్యలో కట్టించిన డేనియల్ మర్ఫీ కార్క్ కౌంటీవాడే, తర్వాత ఆస్ట్రేలియాలోని టాస్మానియాకు వెళ్ళి హోబర్ట్‌లో ఆర్చిబిషప్ అయ్యాడు. ఐరిష్ సైనికుల కోసం ఐరిష్ ఫాదర్లు వచ్చిన కాలమది. వరుడి ఐరిష్ ఊరిపేరు రాసిపెట్టిన ఫాదర్లూ లేకపోలేదు, కానీ దానిమీదే ఆశ పెట్టుకోకండి.

ఇక్కడి గుళ్ళ నుంచి లండన్‌కు ఏటా పంపిన నకళ్ళు వేరే ఉన్నాయి. బ్రిటిష్ లైబ్రరీలో వాటి గుర్తు ఎన్: బెంగాల్‌ది ఎన్/1, మద్రాస్‌ది ఎన్/2, బొంబాయిది ఎన్/3. ఫైండ్‌మైపాస్ట్ అనే వెబ్‌సైట్‌లో డబ్బు కట్టి వాటి పేజీల బొమ్మలు చూడొచ్చు. ఫ్యామిలీసెర్చ్‌లో ఉచితంగా సూచిక ఉంది, ఫిబిస్ (ఫ్యామిలీస్ ఇన్ బ్రిటిష్ ఇండియా సొసైటీ) అనే సంఘం వెబ్‌సైట్‌లో కూడా చాలా పేర్లు ఉచితమే. హైదరాబాద్ నిజాం రాజ్యం కదా అని విడిగా వెతక్కండి. సికింద్రాబాద్‌లో ఉన్న సబ్సిడియరీ ఫోర్స్ మద్రాస్ సైన్యంలో భాగం, అందుకే తిరుమలగిరి, సికింద్రాబాద్ ఎంట్రీలు మద్రాస్ పుస్తకాల్లో ఉంటాయి. ఒక లోటు మాత్రం ఉంది. ఈ నకళ్ళు ప్రధానంగా ఆంగ్లికన్ చర్చివి, అంటే ఇంగ్లండ్ ప్రొటెస్టెంట్ చర్చివి. క్యాథలిక్ గుళ్ళ నుంచి వెళ్ళినవి అరకొర. లండన్ నకలులో పెళ్ళి లేకపోతే పెళ్ళి జరగలేదని కాదు, గుడి పుస్తకమే దిక్కని అర్థం.

పెళ్ళి ఎంట్రీ ఒక్కదానితో ఆగొద్దు. పిల్లలందరి జ్ఞానస్నానాల ఎంట్రీలు తీయండి. సాధారణంగా ప్రతిదానిలో తండ్రి హోదా, దళం, ఆ బిడ్డ పుట్టిన ఊరు ఉంటాయి. మద్రాస్ సైన్యం తిరిగిన కంటోన్మెంట్లు సికింద్రాబాద్, బళ్ళారి, బెంగుళూరు, నాగపూర్ దగ్గరి కామ్టీ, బర్మాలో మౌల్మేన్, రంగూన్. అంతకుముందు తరంలో మచిలీపట్నం కూడా. మద్రాస్ యూరోపియన్ రెజిమెంట్ అధికారులు 1809లో తిరగబడింది అక్కడే. అయిదారుగురు పిల్లలు పుట్టిన ఊళ్ళు, తేదీలు ఒక వరసలో పెట్టి, రెజిమెంట్ ఏ ఏడు ఎక్కడుందో పక్కన పెట్టి చూస్తే, కాగితంలో దళం పేరు చెరిగిపోయినా తేలిపోతుంది. ఈ వరస ఇంకో పనికీ వస్తుంది. అదే పేరున్న ఇంకో సైనికుడు ఆ ఏడాది ఇంకెక్కడో ఉంటే వాడు మీవాడు కాదని కొట్టేయొచ్చు.

హోదా గడిలో ప్రైవేట్, సార్జెంట్ అని కాకుండా సబ్ కండక్టర్, కండక్టర్, ఓవర్సీర్ లాంటివి కనిపిస్తే కంగారు పడకండి. కండక్టర్ అంటే బస్సు కండక్టర్ కాదు, ఆయుధాగారంలోనో కమిసేరియట్‌లోనో సరుకు చూసే వారంట్ హోదా. మంచి చేతిరాత, లెక్క వచ్చిన సైనికుల్ని పల్టన్ నుంచి తీసి ఇలాంటి పనుల్లో వేసేవాళ్ళు. వీళ్ళు 'అనటాచ్డ్ లిస్ట్' అనే విడి జాబితాలోకి పోతారు. రెజిమెంట్ మస్టర్ రోల్‌లో (సైనికుల హాజరు జాబితాలో) పేరు ఒక ఏడు ఉన్నట్టుండి మాయమైందంటే చనిపోయాడనే కాదు, ఆ జాబితా చూడమని. ఇండియాలోనే పెళ్ళి చేసుకుని ఇక్కడే కన్నుమూసినవాళ్ళలో ఈ జాబితావాళ్ళు చాలామంది.

కంపెనీవాడని తేలితే పని ఇలా నడుస్తుంది. మద్రాస్ సైన్యం మస్టర్ రోళ్ళు ఎల్/మిల్/11 అనే వరసలో ఉన్నాయి. ఆయన కచ్చితంగా సర్వీసులో ఉన్న ఒక ఏడాది రోల్ తెరవండి. జాన్ రయన్లు ముగ్గురో నలుగురో ఉంటారు, ఉండకపోతేనే ఆశ్చర్యం. ఒక్కొక్కడి రెజిమెంటల్ నంబరు, కౌంటీ, ఇండియాకు వచ్చిన ఏడు, ఓడ పేరు రాసుకోండి. తర్వాత ఏళ్ళ రోళ్ళలో ఒక్కొక్కణ్ణీ నంబరు పట్టుకుని ముందుకు తీసుకెళ్ళండి. 1863కు ముందే చచ్చిపోయినవాడు, డిశ్చార్జ్ తీసుకుని ఇంటికి ఓడెక్కినవాడు పోతారు. 1859లో కంపెనీ పల్టన్లను తమ ఇష్టం అడక్కుండా రాణికి అప్పగించారని తెల్ల సైనికులు గొడవ చేస్తే, వద్దనుకున్నవాళ్ళకు డిశ్చార్జ్ ఇచ్చారు, వేలమంది వెళ్ళిపోయారు. కాబట్టి ఆ ఏడు రోల్‌లో చాలామంది తగ్గుతారు, మీ పనీ తేలికవుతుంది. చివరికి మిగిలినవాడి ఓడ పేరు, ఏడు పట్టుకుని ఎల్/మిల్/9లోని ఎంబార్కేషన్ జాబితాకు, అంటే ఓడెక్కినవాళ్ళ జాబితాకు వెళ్ళండి. రిక్రూట్ల రిజిస్టర్లూ అదే వరసలో ఉన్నాయి. వయసు, ఎత్తు, వృత్తి, ఎక్కడ చేరాడు, ఎక్కడ పుట్టాడు అన్నవి అక్కడ ఉంటాయి. ఈ జాబితాల్లో కొన్నింటిని ఫిబిస్ వాళ్ళు ఎత్తిరాసి పెట్టారు, ముందు అక్కడ చూస్తే లండన్ ఖర్చు తప్పొచ్చు. బ్రిటిష్ లైబ్రరీ మీద 2023 అక్టోబర్‌లో సైబర్ దాడి జరిగాక దాని ఆన్‌లైన్ కేటలాగ్ చాలా కాలం సరిగ్గా నడవలేదు. పాత వ్యాసాల్లో ఇచ్చిన లింకులు తెరుచుకోకపోతే రికార్డు లేదనుకోకండి.

రాణి సైనికుడైతే డబ్ల్యూఓ (వార్ ఆఫీస్) 97 అనే వరస మీకు ప్రాణం. పెన్షన్ మీద దిగిన సైనికుల డిశ్చార్జ్ కాగితాలు అవి. 1854 వరకు దిగినవాళ్ళ పేరు, పుట్టిన పారిష్, కౌంటీ, రెజిమెంట్ నేషనల్ ఆర్కైవ్స్ కేటలాగ్‌లోనే ఉచితంగా కనిపిస్తాయి. పేరుతో పాటు టిప్పరరీ అని కొడితే చాలు. ఆ తర్వాతివాళ్ళవి రెజిమెంట్ల వారీగా కట్టారు, ఫైండ్‌మైపాస్ట్‌లో బొమ్మలున్నాయి. 1883 తర్వాత దిగినవాళ్ళవి అక్షరక్రమంలో ఉన్నాయి. ఇక్కడ జనం పడే గొయ్యి రెండు రకాలు. సర్వీసులో ఉండగానే చనిపోయినవాడికి డబ్ల్యూఓ 97 ఉండదు, పెన్షనే లేదు కదా. అలాంటివాళ్ళకు డబ్ల్యూఓ 12 మస్టర్లలో చివరి ఎంట్రీ, డబ్ల్యూఓ 25లోని మరణాల రిటర్నులు చూడాలి. పుట్టిన ఊరు, వృత్తి, దగ్గరి బంధువు పేరు వాటిల్లో ఉంటాయి. రెండోది, రెజిమెంట్ ఇండియా వదిలి వెళ్ళేటప్పుడు ఇక్కడే ఉండదలచినవాళ్ళు కొత్తగా వచ్చిన రెజిమెంట్‌కు బదిలీ పెట్టుకునేవాళ్ళు. ఇక్కడ భార్యాబిడ్డలున్నవాళ్ళు మరీను. కాగితాలు చివరి రెజిమెంట్ కట్టలో ఉంటాయి. పెళ్ళినాటి రెజిమెంట్‌లో దొరక్కపోతే ఆ ఏడు సికింద్రాబాద్‌కు వచ్చిన పల్టన్ ఏదో చూడండి.

మెడల్ రోళ్ళ మీద మాత్రం కాలం వృథా చేయొద్దు. 1857 తిరుగుబాటు మెడల్ జాబితాలో పేరు చూసుకోవడం ముచ్చటగా ఉంటుంది కానీ పుట్టిన ఊరు అందులో ఉండదు. వీలునామాలు అలా కాదు. మద్రాస్ వీలునామాలు, ఆస్తి లెక్కలు ఎల్/ఏజీ/34 వరసలో ఉన్నాయి. మామూలు సార్జెంట్ కూడా 'ఫలానా ఊళ్ళో ఉన్న మా అన్నకు' అని రాసిన సందర్భాలుంటాయి. ఒక గంట అక్కడ పెట్టడం దండగ కాదు.

సరే, కాగితం దొరికింది. డిశ్చార్జ్ ఫారంలో అచ్చు వాక్యం ఇలా ఉంటుంది: ఫలానా పారిష్‌లో, ఫలానా పట్నంలో లేదా దాని దగ్గర, ఫలానా కౌంటీలో పుట్టాడు. మధ్యలో ఖాళీలు గుమాస్తా నింపుతాడు. ఆ గుమాస్తా చాలాసార్లు ఇంగ్లండ్‌వాడు. చెప్పేవాడు చదువు రాని ఐరిష్ కుర్రాడు, యాసలో తన ఊరు చెబుతాడు, విన్నది విన్నట్టు గుమాస్తా రాస్తాడు. స్పెల్లింగ్‌ను నమ్మకండి, చప్పుడును నమ్మండి. ఐరిష్ ఊరి పేర్లు ఎక్కువగా కిల్, బ్యాలీ, నాక్, క్లోన్, టెంపుల్ అని మొదలవుతాయి. ఆ మొదటి ముక్క సాధారణంగా సరిగానే ఉంటుంది, తోక చెడుతుంది. క్లనౌల్టీ అన్న పారిష్ కాగితంలో క్లోనల్టీ అయిపోవచ్చు. మొదటి భాగం కదలకుండా పెట్టి, పట్నం పేరును ఆసరాగా తీసుకుని, ఆ పట్నం చుట్టూ పది పదిహేను కిలోమీటర్లలో ఉన్న పారిష్‌ల పేర్లన్నీ పైకి చదవండి. కళ్ళతో పోల్చడంకంటే చెవితో పోలిస్తే త్వరగా తగులుతుంది. క్యాషెల్ అని పట్నం రాసి ఉంటే క్లనౌల్టీ అనుకోవడం సబబు, ఎందుకంటే అది క్యాషెల్‌కు దగ్గర్లోదే. అదే కౌంటీ ఉత్తరాన ఉన్న నీనా పట్నం పేరు ఉంటే ఆలోచించాలి. పట్నం లేకుండా కిల్మోర్ అని ఒక్క మాటే ఉంటే ఇబ్బందే, ఆ పేరుతో పారిష్‌లు చాలా కౌంటీల్లో ఉన్నాయి. ఐర్లండ్ ఊరి పేర్ల వెబ్‌సైట్ లొగైన్మ్‌లో (logainm.ie) పేరులో సగం కొట్టినా వెతకొచ్చు.

కాగితంలో 'చేరిన చోటు' అని ఇంకో ఊరుంటుంది: డబ్లిన్, కార్క్, లిమరిక్ లాంటిది. అది సొంతూరు కాదు, రిక్రూటింగ్ సార్జెంట్ కూర్చున్న ఊరు. వృత్తి గడిలో చాలావరకు కూలీ అనే ఉంటుంది, దానివల్ల ఒరిగేదేం లేదు. వయసు మాత్రం జాగ్రత్త. 18 అని ఉంటే పదహారూ కావచ్చు, ఇరవై రెండూ కావచ్చు. పుట్టిన ఏడుకు మూడేళ్ళు అటూ మూడేళ్ళు ఇటూ పెట్టుకోండి. దొంగ పేరుతో చేరినవాళ్ళూ ఉన్నారు. ఒకసారి పారిపోయి ఇంకో పేరుతో మళ్ళీ చేరడం అప్పట్లో కొత్తేమీ కాదు. అయితే ఇంటిపేరు రయన్ అయినప్పుడు ఆ అనుమానం చివర్లో పెట్టుకోవచ్చు.

ఇక ఐర్లండ్. ఇక్కడ పారిష్ రెండు రకాలు, దీనిమీద సగం మంది తడబడతారు. సివిల్ పారిష్ అంటే ప్రభుత్వ లెక్కలకు వాడిన పాత హద్దు. క్యాథలిక్ విచారణ హద్దు వేరు, చాలాసార్లు పెద్దది, రెండు మూడు సివిల్ పారిష్‌లను కలుపుకుని ఉంటుంది, ఒక్కోసారి వాటిని అడ్డంగా కోసుకుంటూ పోతుంది. మన దగ్గర రెవెన్యూ మండలం, పోలీస్ స్టేషన్ పరిధి, అసెంబ్లీ నియోజకవర్గం ఒకదాని హద్దు మీద ఒకటి కూర్చోనట్టే. సైన్యం కాగితంలో ఉన్నది సివిల్ పారిష్ కావచ్చు, గుడి పేరు కావచ్చు. సివిల్ పారిష్ లోపల టౌన్‌ల్యాండ్లు ఉంటాయి. పేరుకు టౌన్ అయినా అది పట్నం కాదు, కొన్ని పొలాలూ ఇళ్ళూ ఉన్న చిన్న పల్లె హద్దు. దేశం మొత్తంలో ఇవి అరవై వేల పైచిలుకు. మీరు ఆఖరికి చేరాల్సింది ఆ టౌన్‌ల్యాండ్‌కు.

జ్ఞానస్నానం పుస్తకాలు: ఐర్లండ్ నేషనల్ లైబ్రరీ దాదాపు 1880 వరకు ఉన్న క్యాథలిక్ రిజిస్టర్ల బొమ్మలను 2015లో ఉచితంగా పెట్టింది. మ్యాప్ మీద విచారణ నొక్కి, ఏడు, నెల ఎంచుకుంటే పేజీ వస్తుంది. మైక్రోఫిల్మ్ నుంచి తీసినవి కాబట్టి కొన్ని మసగ్గా ఉంటాయి. 1922 జూన్ 30న డబ్లిన్‌లో ఫోర్ కోర్ట్స్ ఆవరణలోని పబ్లిక్ రికార్డ్ ఆఫీసు తగలబడి 1821 నుంచి 1851 వరకు నాలుగు జనగణనలూ ముక్కలు చెక్కలు తప్ప మిగల్లేదు. ఆంగ్లికన్ చర్చి పుస్తకాలు సగానికిపైగా పోయాయి. క్యాథలిక్ పుస్తకాలు ఎవరి గుళ్ళో వాళ్ళ దగ్గరే ఉండిపోవడంతో బతికిపోయాయి. 'ఐర్లండ్‌లో అన్నీ కాలిపోయాయి' అనే మాట మీలాంటి క్యాథలిక్ కుటుంబానికి సగమే నిజం. ప్రతి విచారణకూ పుస్తకం ఏ ఏడు మొదలవుతుందో ముందు చూసుకోండి. మీవాడు పుట్టింది 1832లో అయ్యి, పుస్తకం 1840లో మొదలైతే ఎంత వెతికినా ఫలితం లేదు, అప్పుడు తమ్ముళ్ళ, చెల్లెళ్ళ ఎంట్రీల మీద పడాలి.

ఎంట్రీ ఒకటి ఎలా ఉంటుందంటే: తేదీ, జొవాన్నెస్, మికేలిస్ రయన్‌కూ హొనోరా డ్వయర్‌కూ కొడుకు, తర్వాత ఇద్దరు జ్ఞాన తల్లిదండ్రుల పేర్లు, వీలుంటే టౌన్‌ల్యాండ్. తల్లి పుట్టింటి ఇంటిపేరు ఉండటం ఐరిష్ పుస్తకాల గొప్పతనం. లాటిన్‌లో జేకోబస్ అంటే జేమ్స్, గులియెల్మస్ అంటే విలియం, యూజీనియస్ అంటే ఓవెన్, హొనోరా అంటే నోరా. సికింద్రాబాద్ పెళ్ళి పుస్తకంలో తండ్రి పేరు మైకేల్ అని ఉంటేనే పైన చెప్పిన ఎంట్రీ పరిశీలనకు వస్తుంది. లేకపోతే, ఎంత అందంగా సరిపోయినా, అది ఇంకో జాన్.

ఒక విచారణలోనే సరిపోయే జాన్‌లు ఇద్దరు ముగ్గురు దొరికితే వాళ్ళను తప్పించుకుంటూ రావాలి. మీవాడు ఇండియాకు వచ్చిన ఏడు తర్వాత అదే పుస్తకంలో పెళ్ళి చేసుకుని అక్కడే పిల్లల్ని కన్న జాన్ మీవాడు కాదు, మీవాడు అప్పటికి ఇండియాలో ఉన్నాడు. ఐర్లండ్‌లో అన్ని మతాలవాళ్ళ పుట్టుకలు, పెళ్ళిళ్ళు, చావుల నమోదు 1864లో మొదలైంది. ఐరిష్‌జెనియాలజీ అనే ప్రభుత్వ సైట్‌లో ఆ బొమ్మలు ఉచితం. మీవాడి పుట్టుక అందులో ఉండదు కానీ మిగతా జాన్‌లను కొట్టేయడానికి పనికొస్తుంది. సికింద్రాబాద్‌లో ఆయన పిల్లలకు పెట్టిన పేర్లు కూడా చూడండి. ఐరిష్ ఆనవాయితీలో పెద్ద కొడుక్కి తండ్రి తండ్రి పేరు, రెండోవాడికి తల్లి తండ్రి పేరు, పెద్ద కూతురికి అమ్మమ్మ పేరు, రెండోదానికి నాయనమ్మ పేరు. అందరూ పాటించలేదు, రుజువుగా నిలవదు, కానీ ఇద్దరిలో ఎటు మొగ్గాలో చెబుతుంది.

కుటుంబం ఏ పల్లెలో ఉండేదో చెప్పేవి రెండు పన్ను లెక్కలు. 1823 నుంచి 1837 వరకు రాసిన టైద్ (చర్చికి కట్టే పన్ను) పుస్తకాలు ఐర్లండ్ నేషనల్ ఆర్కైవ్స్ సైట్‌లో ఉచితం, అందులో భూమి సాగుచేసేవాళ్ళే ఉంటారు. 1847 నుంచి 1864 వరకు జరిగిన గ్రిఫిత్ వాల్యుయేషన్ ఆస్క్ అబౌట్ ఐర్లండ్ సైట్‌లో మ్యాప్‌లతో సహా ఉచితం, అందులో ఇల్లు మాత్రమే ఉన్న కూలీ కూడా కనిపిస్తాడు. రయన్‌లు కుప్పలుగా ఉన్న పల్లెల్లో అధికారులే విసిగి పేరు పక్కన గుర్తు రాశారు: తండ్రి పేరో, జుట్టు రంగు చెప్పే ఐరిష్ మాటో. మైకేల్ రయన్ పక్కన 'రో' అని ఉంటే ఎర్ర జుట్టు కుటుంబమని. అది ఆ శాఖకు తరతరాలు అంటిపెట్టుకునే పేరు. ఎక్కడ కనిపించినా పొల్లు పోకుండా రాసుకోండి. గ్రిఫిత్‌లో కుటుంబం లేకపోతే పారిష్ తప్పని తేల్చేయకండి. 1845 నుంచి 1852 వరకు కరువు. ఎంతోమంది కూలీ కుటుంబాలు ఖాళీ చేయించబడి, చనిపోయి, వలసపోయి ఆ పుస్తకంలోకి ఎక్కనే లేదు. మీవాడు సైన్యంలో చేరడానికి కారణం కూడా అదే కావచ్చు.

ఎవరూ చూడని చోటు ఒకటి చెబుతాను. 1909 జనవరి నుంచి డెబ్బై నిండినవాళ్ళకు పెన్షన్ ఇవ్వడం మొదలైంది. పుట్టిన ఏడుకు రుజువు లేనివాళ్ళు 1841, 1851 జనగణనల్లో తమ ఇంటి వివరం వెతికించమని దరఖాస్తు పెట్టారు. జనగణన 1922లో కాలిపోయింది కానీ ఆ వెతుకుడు ఫారాలు మిగిలాయి, ఐర్లండ్ నేషనల్ ఆర్కైవ్స్ సైట్‌లో ఉచితంగా ఉన్నాయి. ఇంట్లో మిగిలిపోయిన తమ్ముడో చెల్లెలో దరఖాస్తు పెట్టి ఉంటే తల్లిదండ్రుల పేర్లు, తల్లి పుట్టింటి పేరు, టౌన్‌ల్యాండ్, పారిష్ ఒకే కాగితంలో వస్తాయి. ఒక్కోసారి ఇంట్లోవాళ్ళందరి పేర్లూ ఎత్తిరాసి ఉంటాయి, అందులో మీ జాన్ కూడా ఉండొచ్చు.

కాగితాల దారి ఎక్కడో తెగిపోతే డిఎన్ఏ. అమ్మమ్మగారు ఉంటే పరీక్ష ఆమెకే చేయించండి. ముత్తాత వాటా ఆమెలో సగటున ఎనిమిదో వంతు, మీ దగ్గరికి వచ్చేసరికి ముప్పై రెండో వంతు. ఆ తేడాతో దూరపు బంధువులు దొరకడమో దొరక్కపోవడమో తేలిపోతుంది. 'ఇంత శాతం ఐరిష్' అన్న రంగు మ్యాప్‌ను పట్టించుకోకండి. ఆయన అన్నదమ్ముల వారసులు అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉంటారు, వాళ్ళ వృక్షాల్లో ఒకే పారిష్ పదే పదే వస్తుందా అన్నది చూడండి. ఆస్ట్రేలియావాళ్ళతో మొదలుపెట్టండి. విక్టోరియా, న్యూ సౌత్ వేల్స్ మరణ ధ్రువపత్రాల్లో తల్లిదండ్రుల పేర్లు, పుట్టిన చోటు రాసే పద్ధతి 1850లలోనే ఉంది కాబట్టి, ఆ శాఖకు పారిష్ ముందే తెలిసి ఉండే అవకాశం ఎక్కువ.

ఈ వారంలోనే మొదలుపెట్టదలిస్తే గుడికి ఉత్తరం రాయండి, అది వచ్చేలోపు పిల్లల ఎంట్రీలు ఫిబిస్‌లో వెతకండి. పెళ్ళి ఎంట్రీలో హోదా గడిలో ఏముందో ఇక్కడ అక్షరం మార్చకుండా పెట్టండి, పొట్టి అక్షరాలైనా సరే. కంపెనీ దారా, రాణి దారా అన్నది దాన్ని బట్టి చెప్పొచ్చు.